ఆకాశంలో తప్పుడు సాక్ష్యం

థ్రిల్లర్ నవలల్లో విమానం హైజాక్ ఎలా జరుగుతుందో మనకి కంఠతా వచ్చు. చీకటి గదిలో ఒకడు లాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా ఏవో కోడ్‌లు కొడతాడు. ముప్ఫై వేల అడుగుల ఎత్తున పైలట్ చేతిలో కంట్రోల్స్ పనిచేయడం మానేస్తాయి. 2013లో హ్యూగో టెసో అనే స్పెయిన్ నిపుణుడు ఆమ్‌స్టర్‌డాంలో ఒక సెక్యూరిటీ సదస్సులో ఆండ్రాయిడ్ ఫోనుతో ఇలాంటిదే చేసి చూపిస్తే పెద్ద గోలే అయింది. కానీ ఆయన చూపించింది అసలు విమానం మీద కాదు, సిమ్యులేషన్‌లో. నిజం విమానాల్లో అమర్చే ధ్రువీకరించిన పరికరాల దగ్గర ఈ ఎత్తు పారదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తేల్చేసింది. ఆటోపైలట్ తేడాగా ప్రవర్తిస్తే పైలట్ దాన్ని ఆపేసి తనే నడుపుకోవచ్చు కూడా.

నిజంగా జరుగుతున్నది ఇంతకంటే సులువైన పని. విమానం కంప్యూటర్లోకి ఎవరూ దూరక్కర్లేదు. అది నమ్మే జీపీఎస్ సిగ్నల్‌కి నకిలీ పంపితే చాలు. స్పూఫింగ్ అంటే ఇదే.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తామెక్కడున్నాయో, తమ గడియారంలో టైమెంతో ప్రసారం చేస్తుంటాయి. రిసీవర్ కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకుని, ఏది ఎప్పుడు చేరిందో చూసి తన చోటు లెక్కగట్టుకుంటుంది. సెకనులో పది లక్షలో వంతు కాలంలోనే రేడియో తరంగం 300 మీటర్లు పోతుంది కాబట్టి, టైములో ఆ కాస్త తేడా చాలు, లెక్క ఎక్కడికో పోతుంది. ఇంత దూరం ప్రయాణించి వచ్చేసరికి సిగ్నల్ బాగా నీరసపడి, రిసీవర్లో సహజంగా ఉండే రొద కన్నా కూడా బలహీనంగా ఉంటుంది. ఆ సిగ్నల్‌ని రేడియో రొదతో ముంచేయడం జామింగ్. అందులో సిగ్నల్ పోయిందన్న సంగతైనా తెలుస్తుంది. స్పూఫింగ్‌లో అదీ తెలియదు. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్ నిర్మాణం బహిరంగమే, అది అసలుదో కాదో సరిచూసుకునే ఏర్పాటు అందులో లేదు. కాస్త బలంగా వచ్చిన నకిలీని రిసీవర్ నమ్మేస్తుంది.

2012 జూన్‌లో టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టాడ్ హంఫ్రీస్ బృందం న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో, ప్రభుత్వ అధికారుల ఎదుటే, ఒక చిన్న హెలికాప్టర్ డ్రోన్ మీద దీన్ని ప్రయోగించింది. డ్రోన్ గాల్లో ఒకేచోట నిలబడి ఉంది. అర కిలోమీటరుకు పైగా దూరం నుంచి నకిలీ సిగ్నల్ పంపారు. తమాషా ఏమిటంటే, దాన్ని దించడానికి దిగమని ఆదేశమేమీ ఇవ్వలేదు. పైకి పోతున్నానని అది అనుకునేలా చేశారంతే. ఉన్న ఎత్తులోనే ఉండాలన్నది డ్రోన్‌కి ముందే చెప్పిన మాట. ఆ మాట నిలబెట్టుకోబోయి పాపం అది నేల వైపు దిగిపోయింది. పక్కనే ఉన్న పైలట్ రిమోట్ అందుకోకపోతే కూలిపోయేదే. మరుసటి ఏడాది అదే బృందం మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల విహార నౌకను, నౌక వాళ్ల అనుమతితోనే, పక్కదారి పట్టించింది. తెర మీద దారి తిన్నగా కనిపిస్తోంది, వెనక నీళ్లలో పడ్డ చారేమో వంపు తిరిగింది. నన్నడిగితే నవలకి పనికొచ్చే భయం ఇక్కడుంది. యంత్రం ఎదురు తిరగలేదు, చెప్పినట్టు వింటూనే దారి తప్పింది.

ప్రయాణికుల విమానం అంత అమాయకపుది కాదు, దానికి ఇంకో సాక్షి ఉంది. ఇనర్షియల్ వ్యవస్థ బయటి సిగ్నల్ ఏదీ లేకుండా, బయల్దేరిన చోటు నుంచి ప్రతి కదలికనూ కూడుకుంటూ పోతుంది. గంటలు గడిచేకొద్దీ దాని లెక్క కొంచెం పక్కకి జరుగుతుంది. ఆ తప్పు దిద్దడానికి చాలా విమానాల్లో దాన్ని జీపీఎస్‌తో కలిపారు. చిక్కు అక్కడే వచ్చింది. 2023 సెప్టెంబరులో ఇరాక్ మీదుగా, ఇరాన్ సరిహద్దు దగ్గర ఎగిరిన విమానాలకి నకిలీ సిగ్నళ్లు తగిలినప్పుడు కొన్నింటిలో ఇనర్షియల్ లెక్క కూడా పాడైంది. రెండో సాక్షి మొదటి సాక్షిని అడిగి సాక్ష్యం చెప్పినట్టయింది! ఒక బోయింగ్ 777 పైలట్లు ఇప్పుడు టైమెంత, మేమెక్కడున్నామని బాగ్దాద్ కంట్రోలర్‌ని అడగాల్సి వచ్చింది. నేల దగ్గరకొచ్చింది, పైకి లేపమని అరిచే హెచ్చరిక కూడా స్పూఫింగ్ వల్ల ఎంతో ఎత్తులో ఉత్తినే మోగుతోంది. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ఉత్తినే మోగే అలారానికి అలవాటుపడ్డ పైలట్, నిజంగా మోగిన రోజున కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఈ నకిలీ సిగ్నళ్లు చాలావరకు ప్రయాణికుల కోసం పంపినవి కావు. యుద్ధ ప్రాంతాల్లో శత్రువు డ్రోన్లనూ క్షిపణులనూ తప్పుదోవ పట్టించడానికి పంపినవి. ఆ డ్రోన్లేమో ఈలోపు ఉపాయం మార్చేశాయి. ఉక్రెయిన్ యుద్ధంలో కొన్ని డ్రోన్లు కిలోమీటర్ల పొడవున సన్నటి ఫైబర్ దారం విప్పుకుంటూ ఎగురుతున్నాయి. నడిపేవాడు కెమెరా చూస్తూ ఆ దారం గుండానే నడుపుతాడు కాబట్టి జామింగ్, స్పూఫింగ్ వాటినేం చేయలేవు.

జీపీఎస్ లాంటివే అయిన యూరప్ సొంత గెలీలియో ఉపగ్రహాలు 2025 జూలై నుంచి, తమ సందేశం అసలుదేనని సరిచూసుకునే వీలు అధికారికంగా కల్పిస్తున్నాయి. విమానాల్లో రిసీవర్లు మారితేగానీ దాని ఫలం అందదు.

మన దేశంలో 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్ము ప్రాంతాల్లో, ఇలాంటి ఘటనలు 465 జరిగాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరే స్పూఫింగ్ జరిగింది. శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఆ తర్వాత పార్లమెంటుకిచ్చిన జవాబులో హైదరాబాద్ పేరూ ఉంది. ఢిల్లీలో ఇబ్బంది పడ్డవి జీపీఎస్ ఆధారంగా 10 నంబరు రన్‌వే మీద దిగబోయిన విమానాలు. నేల మీది పాతకాలపు రేడియో పరికరాలున్న మిగతా రన్‌వేల మీద రాకపోకలు మామూలుగానే సాగాయి.