నీరటి ఒక్కడే ఏం జేస్తడు?

బిడ్డా చిన్నీ, తమ్మున్ని కూడ పక్కన కూసోవెట్టుకొని చదువు.

మొన్న ఫోన్ల అడిగినవు గద, బడిల డిబేట్ వెట్టిన్రు, పిల్లలు లావైతే తప్పు తిన్నోళ్లదా అమ్మినోళ్లదా అని. అమ్మినోళ్లదే అని మాట్లాడే వంతు నీకు వచ్చింది అన్నవు. ఫోన్ల తేలే ముచ్చట కాదది, అందుకే రాస్తున్న.

ఈ పంచాయితీ పాతదే. 2002ల న్యూయార్క్‌ల బ్రాంక్స్ దిక్కు ఇద్దరు ఆడపిల్లల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేసిన్రు, మీ తిండి తినే మా పిల్లలు లావైన్రు అని. 2003ల జడ్జి రాబర్ట్ స్వీట్ కొట్టేసిండు, అతిగ తింటే ఏమైతదో ఎరికుండి తిన్నోళ్లను కాపాడుడు చట్టం పని కాదన్నడు. కానీ ఆ తీర్పులనే చికెన్ నగెట్స్ గురించి, ఇది ఉత్త వేయించిన కోడి కాదు, ఇంట్ల వండెటోళ్లు వాడనియి ఏవేవో కలిపి తయారు చేసిన వింత అని కూడ రాసిండు. ఈ ముక్క డిబేట్ల తప్పక జెప్పు, చప్పట్లు పడ్తయ్.

ఇగ నా లెక్క జెప్త. ఒళ్లంటే చెరువు అనుకో. తిన్నది వాగు లెక్క వచ్చి పడ్తది, ఆడితే నడిస్తే తూముల కెల్లి పోతది, మిగిలింది నిలుస్తది, అదే కొవ్వు. కట్టకు ప్రమాదమొస్తే ఊరంత నీరటి మీద, అంటే తూము తీసి మూసేటోని మీద పడ్తది, తూము ఎందుకు తియ్యలేదురా అని. అయితే మన దిక్కు చెరువులు గొలుసుకట్టు గద, పై కట్ట తెగితే కింది నీరటి తెల్లందాక తూము కాడ నిలవడ్డా ఏం జేస్తడు? ఐదు రూపాయలకు చిప్స్ పాకెట్ గల్లీ గల్లీల వేలాడదీసినోడు, బొమ్మ ఇస్తనని ఆశ వెట్టినోడు, క్రికెటర్ తోటి టీవీల కూల్ డ్రింక్ తాగిపిచ్చినోడు, వీళ్లంత పై చెరువు. ఆడుకునే జాగల రూములు కట్టినోడు తూము పూడ్చినోడు. చెరువులన్నిటికి ఒకటే లోతు ఉండదు, ఒళ్లు కూడ అంతే, కొందరిది పుట్టుకతోనే అట్ల ఉంటది, అందుకే క్లాసుల లావుగున్న పోరన్ని మీరు ఎక్కిరించిన్రని తెలిస్తే ఊకోను.

2005-06ల మన దేశంల వంద మంది ఆడోళ్లల్ల 13 మంది దాక బరువెక్కువ ఉండేది, 2019-21 సర్వేల అది 24 అయింది. పదిహేనేండ్లల్ల ఇంత మంది నీరట్లు ఒక్కపారే నిద్రవోయిన్రా?

మా చిన్నప్పుడు లావు పిల్లగాడు కనవడుడే తక్కువ. పొద్దుగాల గట్కల ఇంత మజ్జిగ, మాపటికి జొన్నరొట్టె ఎల్లిపాయ కారం. దసరా ముందు బాలానగర్ దిక్కు సీతాఫలాలు దిగుతుండె, కండ్లు తెరిచిన కాయలు తెచ్చి గడ్డిల మాగవెట్టి, మెత్తవడంగనే రెండు చేతులతోటి విప్పి మూతి పెట్టి తినుడే, గింజలు ఎవడు దూరం ఉమ్ముతడని పందెం. అబ్బ, ఆ తీపి. మేం బుద్ధిమంతులమని మాత్రం అనుకోకు. జాతర్ల మిర్చి బజ్జీల బండి కాడ నిలవడి, కాగే నూనెల బజ్జీ ఉబ్బి బోర్లపడుడు చూసుకుంట నోరూరించుకునేటోళ్లం, జేబుల పైసలుంటే బండి ఖాళీ చేసేటోళ్లమే. పైసలు లేకనే తినలేదు. మా కాలపోళ్లు కట్టుబాటు గురించి పాఠం జెప్తె ఒక చెవుతోటి ఇను సాలు.

అట్లని నీ తూము ఇంకెవడో వచ్చి తియ్యడు బిడ్డా. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకుల దగ్గర దగ్గర 30 గ్రాముల చక్కెర ఉంటది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమో పెద్దోళ్లకే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపుంటే మేలు అంటది. సీసా ఎనక చిన్న అక్షరాలల్ల రాసుంటది, అంత చిన్నగ ఎందుకు రాస్తరో నువ్వే ఆలోచించు.

ఇంకోటి. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర మస్తుగుండే తిండి అమ్మొద్దని 2020ల ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి మంచిదో కాదో చూసే సర్కారు సంస్థ, రూల్ వెట్టింది. నువ్వు, తమ్ముడు, మీ పీఈటీ సారు కాడ టేప్ అడుక్కొని రేపు గేటు కాడి నుంచి అటు ఇటు కొలవండి. 50 మీటర్ల లోపల ఎవరెవరు ఏమేం అమ్ముతున్నరో, దేని ధర ఎంతనో నోట్‌బుక్కుల రాసి, డిబేట్ కంటే ముందు నాకు ఫోన్ చేసి చదివి వినిపియ్యాలె.

మీ తాత,
దేవరకొండ