మోడల్ రైలు పాయింట్లు చేత్తో కట్టడం: అపోహలు - వాస్తవాలు

పాయింట్ అంటే కదిలే పట్టాలతో రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే చోటు.

అపోహ: లేత్ మెషీన్ ఉన్నవాళ్లకే ఇది సాధ్యం.

నా బల్ల మీద ఉండేవి ఆకురాయి, సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఫ్లక్స్, మల్టీమీటర్, పట్టాల దూరం చూసే గేజ్. హెచ్‌ఓ స్కేల్లో, అంటే 1:87లో, ఆ దూరం 16.5 మిల్లీమీటర్లు. రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలనే స్లీపర్లుగా పెట్టి పట్టాలను వాటికి సోల్డర్ చేస్తాం. ప్రతి ముక్కలోనూ రాగిని మధ్యలో ఆకురాయితో గీసి తెంపాలి, లేదంటే రెండు పట్టాలూ రాగి ద్వారా కలిసి షార్ట్ అవుతుంది. నేను ఒక్క ముక్క మరిచిపోయి, షార్ట్ ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కో ముక్క అతికించగానే మల్టీమీటర్ పెట్టి చూస్తాను.

అపోహ: ఫ్రాగ్‌కి కరెంటు ఇస్తే షార్ట్ అవుతుంది, ప్లాస్టిక్‌దే మేలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటే ఫ్రాగ్. మన రైల్వేవాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు. రైలు నేరుగా వెళ్తే అది ఒక వైపు పట్టాకు చెందుతుంది, పక్కకు తిరిగితే రెండో వైపు పట్టాకు. కాబట్టి దారి మారిన ప్రతిసారీ ఫ్రాగ్ కరెంటూ మారాలి. ప్లాస్టిక్ పెడితే షార్ట్ ఉండదు, నిజమే. కానీ నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజన్ నెమ్మదిగా వస్తూ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. యార్డులో మనకు కావాల్సిందే ఆ నెమ్మది!

ఫ్రాగ్‌కి అన్ని వైపులా పట్టాలు కోసి విడదీయండి. ఆ సందుల్లో ప్లాస్టిక్ ముక్క అతికించండి, లేదంటే ఎండాకాలంలో పట్టాలు సాగి మళ్లీ కలిసిపోతాయి. ఫ్రాగ్ వైరు పాయింట్ మోటారు (పాయింట్‌ను కదిపే మోటారు) స్విచ్‌లోని కామన్ కాలికి, మిగతా రెండు కాళ్లు రెండు పట్టాలకు. ఇంజన్ ఫ్రాగ్ ఎక్కగానే షార్ట్ అయితే ఆ రెండు వైర్లను అటూ ఇటూ మార్చండి.

అపోహ: కదిలే పట్టా పక్క పట్టాకు ఆనుకుంటే చాలు, కరెంటు అదే అందుతుంది.

కొత్తలో అందుతుంది. తర్వాత దుమ్ము, రంగు, కంకర అతికించిన జిగురు అడ్డుపడతాయి. కదిలే పట్టాకు దాని పక్కనున్న పట్టా నుంచే సన్నని వైరు సోల్డర్ చేయండి. రెండిటిలో కరెంటు ఒకటే కాబట్టి చక్రం వెనుక భాగం తెరిచి ఉన్న పట్టాకు తగిలినా డీసీసీలో (పట్టాల ద్వారానే ఇంజన్లకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో) షార్ట్ రాదు.

అపోహ: ఏ మోటారైనా ఒకటే.

కాయిల్ మోటారుకు క్షణంపాటే కరెంటు ఇవ్వాలి, బటన్ ఇరుక్కుంటే కాయిల్ కాలిపోతుంది. టార్టాయిస్ లాంటి నెమ్మదిగా కదిలే మోటార్లు ఆగి ఉన్నా తీసుకునేది సుమారు 16 మిల్లీఆంపియర్లే.

అన్నీ కలిపాక ఒక రూపాయి బిళ్లను పట్టాల మీద అడ్డంగా పెట్టండి. డీసీసీ పవర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే మెయిన్ వైరు సన్నగా ఉందో, ఎక్కడైనా సోల్డర్ సరిగా పట్టలేదో చూడండి.