హెచ్‌పీవీ టీకా: మూడు సూదుల నుంచి ఒక్క సూదికి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ (హెచ్‌పీవీ)ను అడ్డుకునేందుకు 2006 జూన్‌లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకా మూడు డోసులది. మొదటి సూది వేశాక రెండో నెలలో ఒకటి, ఆరో నెలలో మరొకటి. పసిబిడ్డనైతే తల్లి ఎత్తుకుని తీసుకెళ్తుంది. జబ్బూ జ్వరమూ లేని పన్నెండేళ్ల పిల్లను మూడుసార్లు ఆసుపత్రి మెట్లెక్కించడం అంత తేలిక కాదు.

అయినా ఆ వయసులోనే వేయాలి. వైరస్ లైంగిక సంపర్కంతో సోకుతుంది. సోకాక దాన్ని వదిలించడం టీకా వల్ల కాదు. పైగా 9-14 ఏళ్ల పిల్లల్లో యాంటీబాడీలు పెద్దవాళ్లలో కన్నా ఎక్కువగా పుడతాయి.

ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలను జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్ బృందం 1983, 84ల్లో గుర్తించింది. 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ ఈ వైరస్ పైతొడుగును మాత్రమే తయారుచేశారు. లోపల జన్యుపదార్థం లేని ఖాళీ డొల్ల అది. టీకాకు మూలం అదే.

పిల్లలు ఆసుపత్రికి రాకపోతే టీకానే బడికి వెళ్లాలనుకుంది ఆస్ట్రేలియా. 2007లో ఆడపిల్లలకు మొదలుపెట్టి 2013లో మగపిల్లలనూ చేర్చింది. ముందు ఇంటికి సమ్మతి పత్రం వెళ్తుంది. ఆ రోజు వరుసలో నిలబడి చొక్కా చేయి పైకి మడిస్తే భుజం కండకు సూది వేస్తారు. తర్వాత పావుగంట కూర్చోబెడతారు. ఈ వయసు పిల్లలు ఏ సూదికైనా కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. పడితే తలకు దెబ్బ తగలకూడదని ఆ జాగ్రత్త. 2011లో రువాండా కూడా బడుల ద్వారానే తొంభై శాతానికి పైగా బాలికలను చేరుకుంది.

డోసులు తగ్గిన కథ మాత్రం ఎవరూ అనుకుని నడిపింది కాదు. 2009లో భారత్‌లో 10-18 ఏళ్ల బాలికలపై రెండు డోసులు చాలా, మూడు కావాలా అని పెద్ద అధ్యయనం మొదలైంది. అదే సమయంలో ఖమ్మం, వడోదరల్లో జరుగుతున్న వేరే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టిన సంగతీ బయటపడింది. నా దృష్టిలో టీకా మీద నమ్మకాన్ని దెబ్బతీసింది ఆ సంతకాలే. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టుతో పాటు డోసుల అధ్యయనంలోనూ టీకాలు వేయడం ఆపేశారు. అధ్యయనంలోని సుమారు 5,000 మంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు.

పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు. పదేళ్లు గమనించాక 2021లో వచ్చిన ఫలితం: 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు 95 శాతం అడ్డుకుంది. మూడు డోసులకు ఏమాత్రం తీసిపోలేదు. కోస్టారికాలో జరిగిన అధ్యయనంలో డోసులు పూర్తి చేయకుండా మధ్యలో మానేసిన మహిళల్లోనూ అంతకుముందే ఇదే కనిపించింది.

2014లో పదిహేనేళ్లలోపు వారికి రెండు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2022 డిసెంబరులో 20 ఏళ్ల వరకు ఒక్కటైనా సరే అంది. మరుసటి ఏడు బ్రిటన్ ఒక్క డోసుకు మారింది. హెచ్‌ఐవీ వంటివాటితో రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఇప్పటికీ కనీసం రెండు, వీలైతే మూడు.