నీళ్లు ఎటు పోతాయి? ట్రైల్ పనిలో అపోహలు - వాస్తవాలు

అపోహ: సైకిళ్లు తిరగడం వల్లే కొండబాటలు పాడవుతాయి.

చక్రం మట్టిని కదుపుతుంది. దాన్ని మోసుకుపోయేది నీరు. 1994లో విల్సన్, సెనీ అనే పరిశోధకులు అమెరికాలోని మోంటానాలో తడిపిన బాటల మీద పోల్చి చూస్తే, చక్రాల కంటే మనుషుల పాదాలు, గుర్రాల గిట్టలే మట్టిని ఎక్కువగా వదులు చేశాయి. అలాగని వానలో తొక్కేయమని కాదు. మెత్తటి మట్టిలో పడిన టైరు చార తర్వాతి వానకు చిన్న కాలువ అవుతుంది.

అపోహ: బాట కొండకు ఎదురుగా నేరుగా ఎక్కితే దూరం, పని రెండూ తగ్గుతాయి.

తవ్వేది తక్కువే. తర్వాత ఏటా పూడ్చేది ఎక్కువ. ఇక్కడ పాటించేది ‘సగం’ సూత్రం: బాట ఎక్కుడు కొండ వాలులో సగం దాటకూడదు. కొండ వాలు 16 శాతమైతే, అంటే వంద మీటర్ల అడ్డదూరానికి 16 మీటర్లు ఎత్తు పెరిగితే, బాట 8 శాతం లోపు ఉండాలి. అది దాటితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పరుగు తీస్తాయి. మొత్తం బాట సగటు ఎక్కుడు 10 శాతం లోపు ఉంచుకుంటే మంచిది. కొత్తవాళ్లు మోసపోయేది నిటారు కొండ దగ్గర కాదు, చదునైన చోట. 4 శాతం వాలులో బాటకు దక్కేది 2 శాతమే. వాలును కొలిచే క్లైనోమీటరుతో చూడకుండా కంటిని నమ్మితే అక్కడే బురద గుంట తయారవుతుంది.

అపోహ: తవ్విన మట్టిని బయటి అంచున, అంటే లోయ వైపు, పోసి తొక్కితే బాట వెడల్పవుతుంది.

ఆ పోసిన మట్టి కుంగుతుంది, లేదా అంచున గట్టులా నిలిచి నీటిని బాటలోనే బంధిస్తుంది. పైనున్న ఆకుచెత్త, వేళ్ల పొర తీసేసి, అసలు మట్టి తగిలేదాకా కొండలోకే తవ్వాలి. అడుగు పెట్టే వెడల్పంతా కదలని నేల మీదే ఉండాలి. తీసిన మట్టిని వాలు కిందికి దూరంగా పలచగా విసిరేయాలి. బాటను బయటికి 5 శాతం వంచాలి, అంటే మీటరు వెడల్పుకు బయటి అంచు 5 సెంటీమీటర్లు కిందికి. సీసాడు నీళ్లు పోసి చూడండి, అటే జారాలి.

ఆ వంపు శాశ్వతం కాదు. నడకకు మధ్యభాగం అణగి, అంచున మళ్లీ గట్టు లేస్తుంది. స్వచ్ఛంద సేవకుల పనిలో సగం ఏటా ఆ గట్టును తీయడమే. అందుకే ప్రతి 6 నుంచి 15 మీటర్లకు బాట కాస్త దిగి మళ్లీ ఎక్కేలా ముందే వేయాలి. వంపు పోయినా నీళ్లు ఆ దిగుడులో బయటపడతాయి.

అపోహ: అడ్డంగా దుంగ పాతితే నీళ్లు మళ్లుతాయి.

కొన్నాళ్లే. దుంగ వెనక ఒండ్రు నిండగానే నీళ్లు పైనుంచి దూకి కింద గొయ్యి తీస్తాయి. తడి దుంగ మీద చక్రం జారుతుంది కూడా. దాని బదులు బయటి అంచున 3 మీటర్ల పొడవున అర్ధచంద్రాకారంగా కోసి, నడుమ 15 శాతం దాకా వంచితే నీళ్లు వాటంతట అవే పోతాయి.

అపోహ: బురద ఉన్నచోట కంకర పోస్తే సరి.

నీళ్లు పోయే దారి లేకపోతే కంకరను బురద మింగేస్తుంది. ముందు నీటిని మళ్లించండి. అప్పటికీ ఆరకపోతే పెద్ద బండల్ని నిలువుగా, ఒకదానికొకటి బిగించి పాతండి, లేదా బాటనే మార్చండి. జనం పక్కనుంచి నడిచి బాటను వెడల్పు చేసేస్తారు, అందుకే ఆలస్యం పనికిరాదు.

అపోహ: ఎండాకాలమే పనికి అనువు.

పొడి మట్టి ఎంత దిమ్మిస చేసినా అతుక్కోదు. గుప్పెడు పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. ఆ తడి ఉన్న రోజు చూసుకుని జనాన్ని పిలవండి. పనిముట్లు ఊపేటప్పుడు ఇద్దరి మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలి. భుజాన వేసుకోకుండా, వాలు వైపు చేత్తో, పదును ముందుకు ఉండేలా పట్టుకుని నడవాలి.

అపోహ: కొత్త బాట వేశాక పాతది దానంతటదే మూసుకుపోతుంది.

మొదటి మలుపు నుంచి కంటికి కనబడినంత కాలం జనం అటే పోతారు. పాత బాట నేలను గుల్ల చేసి, నీటికి అడ్డంగా రాళ్ల కట్టలు వేసి, కనిపించే మేర ఎండుకొమ్మలు నిలువుగా గుచ్చితేనే అది మూసుకుంటుంది.