మెరుపు పోయేదాకా ఆగాలి: నీటి రంగులపై అపోహలు - వాస్తవాలు

నీటి రంగులతో బొమ్మలు వేస్తానని తెలియగానే చాలామంది రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. "ఎంత ప్రశాంతమైన పనో!" అంటారు కొందరు. "అమ్మో, చెయ్యి కాస్త జారితే కాగితం పారేయాల్సిందే కదా!" అంటారు మరికొందరు. ఒకే పని ఒకరికి తపస్సులా, ఇంకొకరికి కత్తి మీద సాములా కనిపించడం నాకు ఇప్పటికీ వింతే. ఈ రెండు మాటలూ నిజానికి దూరమే. వీటి వెంట ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి.

అపోహ: చిత్రకారుల చేతిలో రోజంతా కుంచె ఉంటుంది.

నా రోజులో కుంచె కాగితాన్ని తాకే సమయం చాలా తక్కువ. ముందు కాగితాన్ని సిద్ధం చేయాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కంటే పలుచని కాగితం తడవగానే ఉబ్బి అలలు తేలుతుంది. రంగంతా ఆ పల్లాల్లోకి చేరి మడుగులు కడుతుంది. అందుకని దాన్ని ముందే నీళ్ళలో నానబెట్టి, చెక్క పలక మీద పరచి, నాలుగు అంచులకూ తడిపి అంటించే కాగితపు టేపు వేసి ఆరబెడతాను. ఆరుతూ ముడుచుకుని డప్పు తోలులా బిగుస్తుంది. ఈలోగా అరచేయంత కాగితం మీద పెన్సిలుతో రెండు మూడు నమూనాలు వేసుకుంటాను, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అని. నీటి రంగుల్లో తెలుపంటే మామూలుగా ఖాళీగా వదిలిన కాగితమే. ఎక్కడ రంగు వేయకూడదో ముందే తేల్చుకోవాలి.

ఆ తరువాత ఆకాశం వేయడానికి అయిదు నిమిషాలు చాలు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. అదే ఎదురుచూపు.

పలకను కంటి ఎత్తుకు లేపి పక్క నుంచి చూస్తాను. మొదట నీరు నిలిచి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు రంగు తాకిస్తే అది ఎటు పోతుందో చెప్పలేం. కాసేపటికి ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట మీది నిగనిగలా మారుతుంది. మబ్బుల అడుగు నీడలకూ, దూరపు కొండలకూ అదే అదను. గీత గీసినట్టు కాకుండా మెత్తగా కలిసిపోయే అంచులు అప్పుడే వస్తాయి. ఆ తరువాత మెరుపు పూర్తిగా పోతుంది. చూపుకు ఆరినట్టే ఉంటుంది, కానీ వేలి వెనుక భాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. లోపల తడి ఇంకా ఉందన్నమాట. ఇక చేతులు కట్టుకుని కూర్చోవడమే. నా బొమ్మల్లో పాడైనవాటిలో సగానికి పైగా ఈ చల్లని దశలో చెయ్యి ఊరుకోక పాడైనవే. ఇక ప్రశాంతత సంగతి మీరే చెప్పండి.

అపోహ: నీటి రంగుల్లో తప్పు దిద్దుకోలేం.

దిద్దుకోవచ్చు, కొంతవరకు. నీటి రంగులో రంగు పొడిని పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్ల జిగురు. అది ఆరిన తరువాత కూడా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. తడి కుంచెతో మెల్లగా రుద్ది, మెత్తటి బట్టతో అద్దితే రంగు లేచి వస్తుంది. అయితే అన్ని రంగుల గుణమూ ఒకటి కాదు. అల్ట్రామెరైన్ నీలం చాలావరకు మాట వింటుంది. థాలో నీలం మాత్రం కాగితపు పీచులోకి ఇంకి మరకలా ఉండిపోతుంది. దిద్దే అవసరం రావచ్చు అనుకున్న చోట నేను థాలో జోలికి వెళ్ళను. కాగితాన్ని గీకి వెలుగు తెప్పించే పద్ధతి కూడా కొత్తది కాదు. బ్రిటన్ చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ అంతటివాడు ఆరిన రంగును గీకి అడుగున ఉన్న తెలుపును బయటికి తీసేవాడు.

బొమ్మను నిజంగా చెడగొట్టేది మొదటి తప్పు కాదు, దాన్ని ఆత్రంగా దిద్దబోవడం. ఒకసారి సగం ఆరిన ఆకాశంలో ఆవగింజంత చుక్క కనిపించింది. ఎవరూ పట్టించుకోనంత చిన్నది. కుంచె కొసతో కాస్త నీరు తాకించాను. ఆ నీరు చుట్టూ ఉన్న రంగును తోసుకుంటూ బయటికి పాకి, అంచున దాన్ని కుప్పగా పోసి ఆరిపోయింది. ఆవగింజ ఉన్నచోట క్యాలీఫ్లవర్ అంత పువ్వు పూసింది. నీటి రంగులు వేసేవాళ్ళు దాన్ని క్యాలీఫ్లవర్ అనే పిలుస్తారు. ఎవరి సంచి తెరిచినా అలాంటి పువ్వులు పూసిన కాగితాలు బోలెడు దొరుకుతాయి.

అపోహ: తెల్ల రంగు వాడితే అది మోసం.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో కానీ, కొత్తగా నేర్చుకునేవారిని అనవసరంగా భయపెడుతోంది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మలో నీటి రంగులతో పాటు తెలుపు కూడా ఉంది. చైనీస్ వైట్ పేరుతో జింకు తెలుపును విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల సంస్థ 1834లోనే అమ్మకానికి తెచ్చింది. వదిలిన కాగితపు తెలుపుకు ఉండే కాంతి డబ్బా తెలుపుకు రాదు, ఒప్పుకుంటాను. కానీ పడవ తాడు మీద సన్నని వెలుగు గీత కోసం మొత్తం నీటిని దాని చుట్టూ తప్పించి వేయడం పంతమే తప్ప పనితనం కాదు.

అపోహ: నీటి రంగులు నాలుగేళ్ళలో వెలిసిపోతాయి.

కొన్ని వెలుస్తాయి. దీని మీద 1888లోనే రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి నివేదిక ఇచ్చారు. వెలుతురుకు కొన్ని రంగులు తట్టుకుంటాయనీ, కొన్ని తట్టుకోలేవనీ అప్పుడే తేలింది. అందుకే ట్యూబు మీద రాసిన అందమైన పేరు కంటే, మూలన చిన్న అక్షరాల్లో ఉండే వర్ణక సంకేతం, అంటే లోపల ఏ రంగు పొడి ఉందో చెప్పే గుర్తు చూసుకోవాలి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్, గట్టిది. పీఆర్ 83 అంటే పాతకాలపు అలిజరిన్ క్రిమ్సన్, కళ్ళకు ఇంపుగా ఉంటుంది కానీ వెలుతురుకు నిలవదు.

కొత్త రంగు కొన్నప్పుడల్లా ఒక కాగితపు పట్టీ మీద పూసి, సగం నల్ల కాగితంతో మూసి, ఎండ పడే కిటికీకి అంటిస్తాను. కొన్ని నెలల తరువాత మూత తీస్తే విషయం బయటపడుతుంది. మెరిసిపోయే ఒక గులాబీ రంగు అలా తెల్లబోయి కనిపించిన రోజు, దానితో వేసి ఇచ్చేసిన బొమ్మలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. మంచి రంగులు వాడినా బొమ్మకు నేరుగా ఎండ తగలకూడదు. మ్యూజియాలు ఇలాంటి చిత్రాలను సాధారణంగా 50 లక్స్ దగ్గర, అంటే బాగా మసక వెలుతురులో ఉంచుతాయి.

అపోహ: ఖరీదైన రంగులు, కుంచెలు ఉంటేనే బొమ్మ కుదురుతుంది.

ఉన్న డబ్బు కాగితం మీద పెట్టండి. నూరు శాతం నూలు పీచుతో చేసిన కాగితం తడిని ఎక్కువసేపు నిలుపుతుంది. నాసి కాగితం మీద ఎంత గొప్ప రంగైనా చారలుగా ఆరుతుంది. కుంచెలు మూడు చాలు.

అపోహ: చిత్రకారులు ఒంటరి జీవులు, మెళకువలు దాచుకుంటారు.

నాకు తెలిసినవాళ్ళు అడగకపోయినా చెప్పేస్తారు. ఆపడమే కష్టం. గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ అనే చిత్రకారుల బృందం నేడు ఎన్నో దేశాల్లో ఉంది. ఎదురుగా ఉన్నదాన్ని అక్కడే కూర్చుని గీయడం వారి పద్ధతి. అలాంటి బృందాల్లో చివరన అందరూ తమ పుస్తకాలను నేల మీద పక్కపక్కనే పరుస్తారు. ఒకే చెట్టు ఇరవై రకాలుగా కనిపిస్తుంది. మొదటిసారి నా పుస్తకాన్ని చివరన, సగం మూసి పెట్టాను. పక్కన నిలబడిన ఒక పెద్దాయన దాన్ని తెరిచి, నేను దాచాలనుకున్న బురద రంగు నీడనే చూపిస్తూ, "ఇందులో ఎన్ని రంగులు కలిపారు?" అని అడిగారు. అయిదు అన్నాను. "రెండుతో ప్రయత్నించండి" అని తన పుస్తకం వెనుక పేజీలు తిప్పి చూపించారు. పేజీల నిండా రెండేసి రంగుల గళ్ళు, కింద పెన్సిలుతో వాటి పేర్లు.

ఇంటికి వచ్చి, చెడిపోయిన ఆకాశాల్లో ఒకదాన్ని తిరగేసి, దాని వెనుక వైపు నేనూ గళ్ళు గీయడం మొదలుపెట్టాను.