కూలి సమ్మె కథలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖలో కథలు రాసేవాళ్లం కొందరం నెలకోసారి కలుస్తాం. ఒకరి కథ ఒకరం చదువుకుని దిద్దుకుంటాం. ఇక్కడ నా చేతికొచ్చే రాతప్రతుల్లో రైతుకీ కూలీలకీ మధ్య తగాదా మీద రాసినవి తరచుగా ఉంటాయి. రాసేవాళ్లలో చాలామంది పద్మనాభం, ఆనందపురం, సబ్బవరం, చోడవరం వైపు నుంచి నగరానికి వచ్చినవాళ్లే. చిన్నప్పుడు మడిలో దిగినవాళ్లే. అయినా కథలోకి వచ్చేసరికి ఆ మడి మాయమైపోయి సినిమా కనబడుతుంది. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: సమ్మె కథలో ముఖ్యమైనది నాయకుడి ఉపన్యాసం.

వాస్తవం: ముఖ్యమైనది తేదీ. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సమ్మె కథ రాసి, మా అమ్మ వాళ్ల ఊళ్లో ఊడ్పుల్లోనే, అంటే వరినాట్లలోనే, జీవితం గడిపిన ఒక పెద్దమ్మకి చదివి వినిపించాను. అందులో రావిచెట్టు కింద మీటింగు ఉంది, నినాదాలు ఉన్నాయి, కన్నీళ్లు కూడా ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా విని ఒక్కటే అడిగింది: "ఇంతకీ ఏ పని ఆపీసినారు బాబూ?"

నేను రాసింది ఎండాకాలం. ఆ నెలలో మా వైపు వరి చేలల్లో ఆపడానికి పనే లేదు. అప్పుడు కూలీలు ఇంట్లో కూర్చుంటే రైతుకి ఖర్చు తగ్గుతుంది తప్ప టెన్షన్ ఏముంటుంది?

నారుమడిలో నారు ఇరవై అయిదు, ముప్పై రోజులకి ఊడ్పుకి వస్తుంది. ఇంకో రెండు వారాలు ఆగితే ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. దమ్ము చేసిన మడిలో నీళ్లు నిలబడి ఉన్నాయి, చెరువు తూము వంతు ఎల్లుండితో అయిపోతుంది, అలాంటి పొద్దున ఆడవాళ్లు రాలేదంటే రైతు గుండె జారిపోతుంది. కోతల్లో అయితే ఇంకా ఘోరం. కోసిన పనలు చేలో పరిచి ఉన్నాయి, బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు, పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఈ జిల్లా పాఠకుడికి ఆ ఒక్క వాక్యం చాలు. అనకాపల్లి బెల్లం రాసేవాళ్లకి ఇంకో గడియారం ఉంది. కొట్టిన చెరకు ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే ఎండి బరువు తగ్గుతుంది, బెల్లం నాణ్యత పడిపోతుంది.

అవతల కూలింట్లో గడియారం వేరు. డబ్బాలో బియ్యం ఎన్ని రోజులకి ఉన్నాయి? ఈ రెండు గడియారాల్లో ముందు ఏది ఆగిపోతుందో అదే సమ్మె కథ. ఉపన్యాసం ఉంటే ఉండొచ్చు.

అపోహ: రైతు ఎంత క్రూరుడైతే కథ అంత బలంగా ఉంటుంది.

వాస్తవం: మీసం మెలేసి కొరడా పట్టుకున్న మనిషితో పాఠకుడికి పేచీ లేదు, ఆలోచనా లేదు. నేను చూసిన ఊళ్లలో ఎదుటివాడు అయిదెకరాల ఆసామి. ఎరువుల కొట్లో బాకీ ఉంటుంది, కూతురి పెళ్లి అప్పు ఉంటుంది. కూలి పెంచితే నిజంగానే కష్టం. అంతమాత్రాన అతని చేతిలో అధికారం లేదనుకోవద్దు, అది చిన్న చిన్న వాటిలో ఉంటుంది.

గట్టు మీద గడ్డి చూడండి. భూమి లేని మనిషికి ఒక గేదె ఉంటుంది. దాని మేత రైతు గట్ల మీద కోసుకున్న గడ్డే. కూలి ఎక్కువ అడిగిన మర్నాడు రైతు ఒక్క మాట కూడా అనకుండా గట్టుకి అడ్డంగా ముళ్లకంప వేస్తాడు. సాయంత్రానికి గేదె అరుస్తుంది. ఆ అరుపు ముందు ఏ తిట్టూ పనికిరాదు. ఇలాంటివే ఇంకా ఉన్నాయి: చేలో నుంచి పోయే కాలిబాట, నూతి నీళ్లు, చేబదులు, జ్వరం వస్తే ఆస్పత్రికి బండి. ఇవన్నీ ఇన్నాళ్లూ దయగా అందాయి కాబట్టే ఒక్క రాత్రిలో ఆగిపోగలవు.

కొలత కూడా అంతే. గింజల్లో కూలి కొలిచే రోజుల మీద రాస్తే కుంచాన్ని దగ్గర నుంచి చూపించండి. నింపి పైన గుట్టగా వదిలేస్తే ఒక కూలి. అరచేత్తో అంచు దాకా చదును చేస్తే ఇంకో కూలి. పేరుకి రెండూ కుంచమే. ఆ అరచెయ్యి కదలడాన్ని ఆడవాళ్లు పదిమంది కళ్లార్పకుండా చూస్తారు. దాన్ని రాయగలిగితే దోపిడీ అనే మాట కథలో వాడక్కర్లేదు.

అపోహ: కూలీలంతా ఒక్కటే, విడిపోయినవాడు ద్రోహి.

వాస్తవం: ఏడాది జీతానికి ఉన్న కంబారి పరిస్థితి వేరు, రోజుకూలి వేరు, ముందే అడ్వాన్సు తీసుకున్న ఇల్లు వేరు. మేస్త్రీ ఇటూ కావాలి, అటూ కావాలి. పక్క ఊరి నుంచి ఆటోలో దిగిన ముఠాకి ఇక్కడి గొడవే తెలియదు. మొదట పనిలోకి వెళ్లిన మనిషి ఆ రాత్రి ఇంట్లో ఏం చూసి వెళ్లాడో రాయకుండా అతన్ని ద్రోహి అంటే అది అన్యాయం. ఇంకో సంగతి. ఊడ్పులు ఆడవాళ్ల పని. అలాంటప్పుడు ఊడ్పుల సమ్మెకి పట్నం నుంచి వచ్చిన కుర్రాడే ఎందుకు నాయకుడవుతున్నాడో ప్రతి రచయితా తనను తాను అడగాలి.

అపోహ: ఇలాంటి కథలు ఫ్యాక్టరీ సమ్మెలు చూసి తెచ్చిపెట్టుకున్నవి.

వాస్తవం: ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటిది. జైల్లో రాశారు. పొలం కూలీల తగాదా అందులో ఉంది. అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ నవలని నిషేధించింది.

అపోహ: కూలీ యాసలో, రైతు పుస్తకాల భాషలో మాట్లాడాలి.

వాస్తవం: మా వైపు ఇద్దరూ "ఏటి" అనే అంటారు. తేడా పిలుపులో ఉంటుంది. ఒకరు "బాబూ" అంటారు, రెండోవారు పేరు పెట్టి "ఒలే" అంటారు. సమ్మె మూడో రోజున ఆ "బాబూ" ఎక్కడ జారిపోయిందో చెవిపెట్టి వినాలి.

అపోహ: ఇప్పుడా తగాదాలు ఎక్కడున్నాయి? ఇదంతా పాతకాలం.

వాస్తవం: రేటు బేరం ఏటా ఉంటుంది, రూపం మారింది. ఉపాధి హామీ పనులు మొదలయ్యాక కూలికి ఇంకో గుమ్మం దొరికింది. మధురవాడ వైపు అపార్టుమెంట్ల పనికి పొద్దున్నే ఆటో ఎక్కే ఊళ్లున్నాయి. రైతు చేతికి వరికోత యంత్రం వచ్చింది. అయితే వాన పడి చేను వాలిపోయి, మడి బురదగా ఉంటే ఆ యంత్రం దిగడం కష్టం. అప్పుడు మళ్లీ మనిషి కావాలి. ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకునే ఆ పూట రాయండి, అందులో పాత కథంతా ఉంది.

అపోహ: చివర్లో ఎర్రజెండా ఎగరాలి, లేదా ఒక శవం లేవాలి.

వాస్తవం: చావులు నిజంగా జరిగాయి. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు ప్రాంతంలోని కీళ్‌వెన్మణిలో 44 మందిని ఒకే గుడిసెలో కాల్చేశారు. చాలామంది ఆడవాళ్లు, పిల్లలు. ఆ తగాదా కూలి గింజల దగ్గరే మొదలైంది. కథకి ముగింపు దొరకలేదని మంట పెట్టేవాళ్లకి ఈ సంగతి గుర్తుచేస్తుంటాను. రాయాల్సి వస్తే దానికి తగినంత కష్టపడి రాయాలి.

ఎక్కువ తగాదాలు మధ్యలో ఎక్కడో తెగుతాయి. అడిగింది యాభై అయితే ఇచ్చింది ఇరవై అయిదు. పెద్దమనుషులు కూర్చుని కూలి రేటు ఒక్కటే తేలుస్తారు, గడ్డి మాట ఎవరికీ గుర్తుండదు. నా పాత కథని శ్రావణ మాసానికి మార్చి మళ్లీ రాశాను. ఇప్పుడది ఒప్పందం అయిన మర్నాడు పొద్దున ఆగింది. కూలికి వెళ్లే ఆమె గేదె మేత కోసం కొడవలీ గోనెసంచీ పట్టుకుని గట్టు మొదట్లో నిలబడింది. ముళ్లకంప ఇంకా తియ్యలేదు.