ఫిట్స్ వచ్చిన బిడ్డ నోట్లో చెంచా పెట్టొద్దు

విజయనగరంలో పిల్లల వార్డు నర్సుగా నైట్ డ్యూటీల్లో నేను తరచూ వినే కేక ఒకటుంది: "ఓలమ్మో, గుంటడికేటైపోనాదో చూడండమ్మా!" గజపతినగరం వైపు నుంచో చీపురుపల్లి వైపు నుంచో ఆటోలో బిడ్డను ఒళ్లో వేసుకుని తల్లి పరుగున వస్తుంది. చాలాసార్లు అప్పటికే ఫిట్స్ ఆగిపోయి బిడ్డ మత్తుగా నిద్రపోతుంటాడు. కానీ కొందరికి పెదవి చిట్లి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటుంది. పళ్లు విడదీయాలని ఎవరో చెంచా పెట్టి ఉంటారు.

"నాలుక మింగేస్తాడని భయమేసిందమ్మా" అంటుంది మామ్మ. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ నాలుకను మింగడం కుదరదు, అది కండరాలతో నోటి అడుగున అతుక్కుని ఉంటుంది. ఫిట్స్‌లో నాలుక కొరుక్కుంటే ఆ గాయం కొద్దిరోజుల్లో మానిపోతుంది. చెంచాకు విరిగిన పన్ను ఊపిరి గొట్టంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. స్పృహలేని బిడ్డకు నీళ్లు, మందు పట్టినా అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మెదడు కణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవన్నీ ఒక్కసారిగా అదుపుతప్పి సంకేతాలు పంపితే కాళ్లూచేతులూ కొట్టుకుంటాయి, కళ్లు పైకి తేలిపోతాయి. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, జ్వరానికే అలా అదుపుతప్పవచ్చు. నూటికి 2 నుంచి 5 మంది పిల్లలకు ఇలా వస్తుంది. ఎక్కువగా కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. దీన్ని గాలి సోకిందని వాతలు పెట్టించిన పసివాళ్లను చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ కాలిన మచ్చ జీవితాంతం ఉంటుంది.

ఫిట్స్ మొదలవగానే టైము చూడండి. టెన్షన్‌లో ఒక్క నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది, అందుకే గడియారం కావాలి. బిడ్డను నేలమీద పక్కకు తిప్పి పడుకోబెడితే చొంగ, వాంతి బయటికి పోతాయి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. కాళ్లూచేతులూ గట్టిగా అదిమిపట్టొద్దు. 5 నిమిషాలు దాటితే అది తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుంది, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోయినా, మళ్లీ మళ్లీ వచ్చినా, స్పృహ రాకపోయినా అంతే. అంబులెన్సు రావడానికి టైము పట్టే ఊళ్లలో ఫోన్ ఇంకా ముందే చేయడం మంచిది. తొందరగా ఆగిపోయినా, మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించి తీరాలి. మెదడువాపు, మెదడు పొరల జబ్బు కూడా ఇలాగే జ్వరంతో, ఫిట్స్‌తో మొదలవుతాయి.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, రక్తంలో చక్కెర చూస్తాం. షుగర్ పడిపోయినా ఫిట్స్ వస్తాయి. అప్పుడే "ముందు ఏ చెయ్యి కొట్టుకుంది? కళ్లు ఎటు తిరిగాయి?" అని అడిగితే కొందరికి విసుగొస్తుంది. మెదడు ఎడమ సగం కుడి చేతిని నడిపిస్తుంది. కుడి చెయ్యి ఒక్కటే ముందు కొట్టుకుందంటే ఎక్కడ వెతకాలో డాక్టరుకు ఒక దారి దొరుకుతుంది. ఇంట్లో ఇంకొకరు ఉంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీయమనండి, అది మాకు చాలా పనికొస్తుంది.

"ఇది మూర్ఛరోగమా?" అని తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ చాలామందిలో వయసుతో పోతాయి. ముగ్గురిలో ఒకరికి ఇంకో జ్వరంలో మళ్లీ రావచ్చు. పారాసిటమాల్ బిడ్డ బాధ తగ్గిస్తుంది కానీ ఫిట్స్‌ను ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. జ్వరం లేకుండా మళ్లీ మళ్లీ వస్తే అది వేరే సంగతి. అప్పుడు రోజూ మందులు వాడాలి, బాగుందని మధ్యలో మానేయకూడదు.

డిశ్చార్జి రోజున బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టడం నేను ముందు మామ్మ చేతనే చేయిస్తాను. తల్లి పొలం పనికి వెళ్తే ఇంట్లో బిడ్డ దగ్గర ఉండేది ఆవిడే.